గోడకు ఇవతలి సినిమా

చావు ఇంట్లో ముసలివాళ్ళకు పని ఉండదు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తుంటారు, వండేవాళ్ళు వండుతుంటారు, టెంటువాడితో మాట్లాడడానికి ఒకడుంటాడు. మనకు మాత్రం ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చి ఎవరికీ అడ్డం రాని చోట వేస్తారు. మా శాంతక్క పోయాక, నారాయణఖేడ్‌లో ఆమె కొడుకు ఇంట్లో, నా కుర్చీ వెనక వరండాలో నీళ్ళ డ్రమ్ము పక్కన పడింది. ముందు గదిలో అక్క ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, ఆమె ఫోటో గోడకు ఆనించారు. కర్మ అయిపోయేదాకా దీపం కొండెక్కకూడదని ఎవరో ఒకరు అక్కడ కూర్చుని నూనె పోస్తూనే ఉన్నారు. టీవీ మీద దుప్పటి కప్పారు. ఆ గదిలోకి వెళితే నాకు ఏడుపు ఆగదు. ఏడిస్తే అందరూ చుట్టూ చేరి వీపు నిమిరి నీళ్ళు తాగిస్తారు, ఆ హడావుడి నాకు పడదు. అందుకని నా కుర్చీయే నాకు నయమనిపించింది.

ఆ వరండా మెట్ల మీద ముగ్గురు కూర్చుని గుసగుసగా పోట్లాడుకుంటున్నారు. సాయి మా అక్క మనవడు. డిగ్రీ అయి తండ్రి ఎరువుల దుకాణంలో కూర్చుంటున్నాడు. అక్కను అవ్వా అని పిలిచేవాడు, నన్ను చిన్నవ్వా అంటాడు. మౌనిక వాడి చెల్లెలు. అఖిల్ ఎదురింటి పిల్లవాడు, సాయికి దోస్తు. మధ్యలో ఒక ఫోను, పెద్ద పెద్ద చెవి డిప్పలున్న హెడ్‌ఫోన్ ఒకటి. అది ఒకరి తల మీంచి ఒకరి తల మీదికి మారుతోంది.

"ఏడో ట్రాక్ ఇను రా," అంటున్నాడు అఖిల్. "ఒక్కటే వయొలిన్. ఎనక ఏం లేదు. ఆ పిల్ల సచ్చింది, పక్కా."

"మరి ఆఖరుది? ఆఖర్ల మొత్తం ఆర్కెస్ట్రా ఆమె ట్యూనే వాయిస్తది గద. సచ్చినోళ్ళకు అంతమంది ఎందుకు వాయిస్తర్రా?" అన్నాడు సాయి.

"సచ్చినోళ్ళకే గట్ల వాయిస్తరు. యాదికి."

"ఎవరు సచ్చిన్రు రా మళ్ళ?" అని అడిగాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వొస్తే ఆపుకుని, నాకు విషయం చెప్పారు. ఏదో హత్యల సినిమా వస్తోందట. సినిమా ఇంకా విడుదల కాలేదు, దాని సంగీతం మాత్రం ముందుగా వదిలారు. పాటలు కావు, సీన్ల వెనక వచ్చే సంగీతం. కంప్యూటర్‌లో కొట్టింది కాదట, గదినిండా మనుషులు కూర్చుని వయొలిన్లు, బాకాలు, డోళ్ళు వాయించారట. ఊళ్ళ నిండా అభిమానులు ఫోన్లలో అదే పనిగా దాన్ని విని, హంతకుడెవరు, చచ్చేదెవరు అని కథ అల్లుకుంటున్నారు. లోపలి నుంచి సాయి తల్లి గొంతు వినిపించింది. "సావు ఇంట్ల పాటలేంది రా? సిగ్గుండాలె!" "పాటలు గావు అమ్మా, ఉత్త మ్యూజిక్," అని మౌనిక జవాబిచ్చింది. ఆ రెండింటికీ తేడా ఏమిటో వాళ్ళమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. సినిమా చూడకుండా సంగీతం విని కథ చెప్పడం తామే కనిపెట్టామనుకుంటున్నారు పాపం. మా ఇంట్లో ఆ పని వీళ్ళ తండ్రి పుట్టకముందే జరిగింది. అందులో మా అక్కను మించినవాళ్ళు లేరు.

మా పాత ఇల్లు ఇదే ఊళ్ళో బజారు వెనక ఉండేది. దొడ్డి గోడకు అవతల టాకీసు. టాకీసంటే ఏదో ఊహించుకోవద్దు. రేకుల కప్పు, ముందు నేల, వెనక బెంచీలు, అంతే. తెర కట్టిన గోడే మా దొడ్డి గోడ. తెర వెనక పెట్టిన పెద్ద స్పీకరుకు మొహం జనం వైపు, వీపు మా వైపు. మేము సినిమాకు వీపు వైపున పెరిగినవాళ్ళం. అది నల్లరాతి గోడ కాబట్టి మామూలు మాటలు దాటి వచ్చేవి కావు, కుండలో తల పెట్టి మాట్లాడినట్టు గునగునమనేవి. అరుపులూ, డోళ్ళూ, వయొలిన్లూ మాత్రం గోడ దాటి మా వంటింట్లోకి వచ్చి కూర్చునేవి. సాయంత్రం పొయ్యి మీద కందిపప్పు ఉడుకుతుంటే, అవతలి నుంచి బీడీ పొగ, వేయించిన పల్లీల వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా పల్లీలు వేగుతుంటే హంతకుడెవడో వస్తున్నాడేమో అని నాకొక చెవి లేస్తుంది.

మా ఇంట్లో గడియారం ఉండేది గాని ఎవరూ దాని మొహం చూసేవారు కాదు. తెర మీద పేర్లు పడేటప్పటి సంగీతం మొదలవగానే నాయినమ్మ జొన్నపిండి ముందేసుకునేది. ఇంటర్వెల్ గంట కొట్టారంటే బాపుకు కంచం పెట్టాలి. "గా లొల్లి నాకెందుకే, రామ రామ," అంటూనే, అవతల ఉరుకులాట మొదలైతే ఆమె చెయ్యి రొట్టె మీద ఆగిపోయేది. పెనం మీద ఉన్నది మాడేది. బాపు కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చుని, కంచంలో నల్లటి రొట్టెను తిప్పి చూసి, "ఇయ్యాల ఎవడు సచ్చిండే?" అని అడిగేవాడు. నాయినమ్మ తల తిప్పుకునేది, అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. అమ్మ నవ్వంటే నాకు గుర్తున్నది అదొక్కటే, కొంగు వెనక భుజాలు కదలడం.

సినిమాకు పోతామని అడిగే ధైర్యం మాకు లేదు. ఆడపిల్లలు టాకీసులో కూర్చోవడం బాపుకు తల తీసేసినంత పని. "గోడకు ఇవతల ఎంతన్న ఇనున్రి. అవతల అడుగు వెడితె కాళ్ళిరుగుతయి," అని ఒకేసారి చెప్పాడు, అది చాలింది. అందుకని మేం ఇవతలే ఉండి విన్నాం. శాంతక్క నాకంటే పెద్దది, అప్పటికే ఓణీ వేసుకుంటోంది. గోడకు అరచెయ్యి ఆనించి నిలబడేది. "చెవితోని సగమే ఇనబడ్తదే, మిగిలింది చేతితోని ఇను," అని నా చెయ్యి కూడా పట్టుకుని రాయికి ఆనించేది. నిజమే, డోలు మోగితే అరచేతిలో చీమలు పాకినట్టుండేది. ఆమెకు ఏ వాద్యమైనా బాజాయే. "గిది దొంగోని బాజా. గిది తల్లి బాజా. తల్లికి అంతా ఎరికే గని చెప్తలేదు," అని వివరం చెప్పేది. ఆ సినిమా చూసివచ్చిన పక్కింటి పిల్లలు మర్నాడు కథ చెబితే, మా అక్క చెప్పిందానికీ దానికీ చాలాసార్లు సరిపోయేది. సరిపోకపోతే తప్పు ఆమెది కాదు. "అయితె వాళ్ళే తప్పు తీసిన్రు," అని తేల్చేసేది.

ఇప్పుడు నేను చెప్పబోయే సినిమా వచ్చినప్పుడు అమ్మ ఇంట్లో లేదు. కడుపు ఉబ్బి నడవలేకపోతుంటే బాపు ఆమెను హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. నాయినమ్మ మమ్మల్ని చూసుకుంటోంది. ఆ సినిమా పేరు ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు, చదివినవాళ్ళు వెతుక్కుని చూసి నాకు కథ చెప్పడానికి వస్తారు. అందులో రేఖ అని ఒక అమ్మాయి. హీరో మాటిమాటికీ ఆ పేరు పెట్టి అరిచేవాడు కాబట్టి మాకు పేరు తెలిసింది. ఆ అమ్మాయికి ఒక బాజా ఉంది. వయొలిన్ ఒక్కటే మెల్లగా పైకి ఎక్కి, మెట్ల మధ్యలో ఏదో మరిచిపోయినట్టు ఆగి, మళ్ళీ కిందికి దిగుతుంది. చివర్లో పెద్ద ఉరుకులాట, మా వంటింటి అరమీద ఇత్తడి మూత గలగలమనేంత డోళ్ళు, తుపాకి చప్పుడు. తర్వాత ఏమీ వినబడదు. గోడ చచ్చిపోయినట్టే ఉండేది. మేము ఊపిరి బిగబట్టి నిలబడితే, చాలాసేపటికి అదే బాజా మళ్ళీ వచ్చేది, ఈసారి ఒక్క వయొలిన్ కాదు, ఎన్నో. అక్క నా మణికట్టు నొప్పి పుట్టేలా పట్టుకునేది. "ఒచ్చింది సూడు. బతికింది," అనేది.

ఆ సినిమా ఊళ్ళో బాగా ఆడింది. రోజూ సాయంత్రం ఆ చప్పుడయ్యే వేళకు అక్క పనులన్నీ ముగించుకుని, తల దువ్వుకుని, దేవుడి గదిలోకి వెళ్ళినట్టు గోడ దగ్గరికి వచ్చేది. పక్కింటి పిల్ల కథ చెప్పబోతే రెండు చెవులూ మూసుకుని, "నువ్వు నడువ్ ఇంటికి," అని వెళ్ళగొట్టింది. ఎవరినీ అడగొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఎందుకే అంటే మొదట చెప్పలేదు. ఒకరోజు నేను, "సస్తె?" అన్నాను. నా నోటి మీద ఒక్కటి వేసి, తర్వాత తనే నన్ను దగ్గరికి తీసుకుని చెప్పింది. "రేఖ బతికితె అమ్మ ఒస్తదని మొక్కుకున్ననే." ఆ రోజు నుంచి నేనూ నా మొక్కు అందులో కలిపాను. దినాం తుపాకి పేలేది, దినాం ఆ అమ్మాయి బతికేది, దినాం మేము నెమ్మదిగా అన్నం తినేవాళ్ళం.

సినిమా మారింది. రీళ్ళ పెట్టెలు బస్సు మీద ఎక్కించి పంపారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక పొద్దున మా ఇంటి ముందు అద్దె జీపు ఆగింది. ముందు సీట్లో బాపు ఒళ్ళో అమ్మ బట్టల సంచి పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ వెనక పడుకుని ఉంది. దించేటప్పుడు నాయినమ్మ పెట్టిన కేకకు బజారు మొత్తం వచ్చింది. ఇంతకంటే నేను రాయలేను, ఇన్నేళ్ళైనా చెయ్యి రావడం లేదు. అన్నీ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక, దొడ్లో గోడ దగ్గర అక్కను అడిగాను. "రేఖ బతికితె అమ్మ ఒస్తదన్నవు గద?" అక్క గోడ మీంచి చెయ్యి తీసేసింది. "ఒక్కరన్న బతకాలె గదనే. ఇద్దరికిద్దరు పోతరా?" అంది. అంతే, ఇక ఆ మాట మీద నుంచి ఆమె జరగలేదు. మొక్కు పోయినా రేఖను మాత్రం పోనివ్వలేదు.

ఆ తర్వాత అక్క బడి మానేసింది. ఆమె రొట్టెలు చేస్తుంటే నేను చదువుకున్నాను. నేను పంతులమ్మనై, పట్నంలో ఉద్యోగం చేసి, ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆమె పొయ్యి ముందు కూర్చోవడం వల్లనే, ఇందులో దాచేదేమీ లేదు. పిండి చరిచేటప్పుడు ముక్కుతో ఆ బాజాయే పాడుతుండేది, మెట్లెక్కి ఆగి దిగే ఆ బాజా. సిర్గాపూర్‌కు కోడలై పోయి పత్తి ఏరినా, కందులు దులిపినా అదే. వెళ్ళేటప్పుడు నాతో ఒక మాట తీసుకుంది. "గా సినిమ ఎన్నడన్న సూస్తె ఇద్దరం కలిసి సూడాలె. ఒక్కదానివి సూడొద్దు." సరేనన్నాను. ఇద్దరం కలిసినప్పుడల్లా పిల్లల జ్వరాలు, పంటలు, కోడళ్ళ ముచ్చట్లే సరిపోయాయి. ఒకసారి పట్నంలో ఏదో పాత టాకీసు ముందు ఆ సినిమా పోస్టరు కనిపించింది. రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోయాను. నిజం చెప్పాలంటే మాకు చూడాలని లేదు, చూడాలని అనుకుంటూ ఉండడమే కావాలి.

ఆమె కొడుకు ఖేడ్‌లో దుకాణం పెట్టి అక్కను ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఇక్కడికి వచ్చాకే ఆమె చెవులు పోయాయి. అందరి చెవులూ పోతాయి ముసలితనంలో, దానికి నేనెవరినీ తప్పు పట్టను గాని, మా అక్కవి పోవడం మాత్రం నాకు దేవుడి మీద కోపం తెప్పించింది. ఊరంతటికీ కళ్ళున్నాయి, చెవులున్నది ఆమె ఒక్కదానికే. చెవి మిషన్ కొనిచ్చారు. రెండు రోజులు పెట్టుకుని డబ్బాలో పెట్టేసింది. "గిండ్ల గిన్నెలు, మనుషులు ఒక్కతీర్గనే మోగుతున్నయే," అంది నాతో. ఫోన్ చేస్తే తను చెప్పాల్సింది చెప్పి, నేను చెప్పేది వినబడక తనే పెట్టేసేది. చివరి ఏళ్ళలో నేను ఫోన్ చేయడం తగ్గింది. అరిచి చెప్పాల్సిన మాటలు మా మధ్య అంతగా లేవు.

ఇదంతా తలుచుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మెట్ల మీద పోట్లాట ఇంకా తెగలేదు.

"చిన్నవ్వా, నువ్వు చెప్పు," అన్నాడు సాయి నా వైపు తిరిగి. "గీ మ్యూజిక్ ఒచ్చిన దినమే నేను అవ్వకు ఇనిపిచ్చిన."

"చెవులు లేందానికి ఎట్ల ఇనిపిచ్చినవు రా?"

"స్పీకర్ డబ్బ తెచ్చి మంచం మీద వెట్టి, దాని మీద చెయ్యి వెట్టుమన్న. తనే చెప్పింది గట్ల వెట్టుమని. జరసేపు వెట్టి, 'ఉరుకుతున్నరు రా, దొరుకుతరో ఏమో,' అన్నది. కరెక్టే, గది చేజింగే. ఆఖరి ట్రాక్ అయ్యేదాక చెయ్యి తియ్యనే లేదు. 'ఒచ్చింది సూడు, బతికింది,' అన్నది. గప్పుడే రేఖ ముచ్చట జెప్పింది."

అఖిల్ మెల్లగా అన్నాడు, "అవ్వ మీద గౌరవం ఉంది రా. గని గీ సినిమల ఏమైతదో రిలీజ్ అయితెనే తెలుస్తది."

"మరి గా పాతది? గది రిలీజ్ అయింది గద." సాయి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. వాడు అక్క పక్కలో పెరిగినవాడు, శవం లేచినప్పుడు కూడా ఏడవకుండా పనులన్నీ చూసినవాడు. "సినిమ పేరు ఏందని ఎన్నిసార్లో అడిగిన. అవ్వకు యాదికి లేకుండె. నీకు యాదికుంది గద చిన్నవ్వా? చెప్పు. ఫోన్ల ఉంటది. అవ్వ చెప్పింది కరెక్టేనా కాదా, నాకు తెల్వాలె."

నాకు గుర్తుంది. ఇప్పుడు ఆ పేరు తెలిసినది ఈ ఇంట్లో నేను ఒక్కదాన్నే. చెప్పనని అనవచ్చు, మరిచిపోయానని అనవచ్చు. కానీ ఒంటరిదాన్నైపోయాక నాకూ తెలుసుకోవాలనిపించింది. పేరు చెప్పాను. సాయి బొటనవేళ్ళతో ఏదో చేశాడు, అంత తేలిగ్గా ఆ సినిమా వాడి అరచేతిలోకి వచ్చేసింది. మేము ఒక రాతిగోడకు చెవులు ఆనించి అడుక్కున్నది వీళ్ళు జేబులో వేసుకుని తిరుగుతున్నారు. అందుకు నాకు అసూయ లేదు. వీళ్ళకూ పోట్లాడుకోవడానికి ఒకరు తోడున్నారు, అది చాలు.

"తెర నాకు సూపియ్యకు," అన్నాను. "సూస్తె ఇద్దరం సూడాలన్నది మీ అవ్వ. నేను చెవులతోని ఇంట, అంతే. మీరు గూడ సూడొద్దు." సాయి చివరి భాగం దగ్గర పెట్టి, ఫోన్‌ను మెట్టు మీద బోర్లా పెట్టాడు. హెడ్‌ఫోన్ నా తల మీద సర్దాడు. మెత్తటి డిప్పలు చెవులను మూశాయి. ముగ్గురూ నా మొహం చూస్తూ కూర్చున్నారు.

డోళ్ళు మొదలయ్యాయి. అవే. ఇత్తడి మూత లేదు గలగలమనడానికి, అయినా నా కుడిచెయ్యి తనంతట తనే పోయి పక్కనున్న గోడకు ఆనింది. తుపాకి పేలింది. ఇప్పుడు ఏమీ వినబడకూడదు, గోడ చచ్చిపోవాలి. కానీ ఈ చెవులకు గోడ అడ్డం లేదు. మాకు ఏమీ వినబడని చోట అన్నేళ్ళుగా ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. హీరో ఏడుస్తున్నాడు, ఈసారి అరవకుండా, మెల్లగా, "రేఖా, లే. రేఖా," అంటున్నాడు. ఇంకెవరో పెద్దాయన గొంతు, "ఇంకేం లేదు బాబూ, వదిలెయ్," అంది. అప్పుడు ఆ బాజా వచ్చింది. ఎన్నో వయొలిన్లు, మెట్లెక్కి, మధ్యలో ఆగి, మళ్ళీ కిందికి దిగాయి. అఖిల్ చెప్పిందే నిజం, యాదికి వాయిస్తున్నారు. అమ్మ దవాఖానలో పడుకున్న ఆ సాయంత్రాలన్నీ, ఆ అమ్మాయి చచ్చిపోయిన ప్రతిసారీ, మేమిద్దరం గోడకు ఇవతల చేతులు పట్టుకుని సంతోషపడ్డాం. తెలియక సంతోషపడ్డాం. ఇప్పుడు ఇది అక్కకు చెప్పాలి, చెబితే "అయితె వాళ్ళే తప్పు తీసిన్రు," అని కొట్టిపారేస్తుంది. చెప్పడానికి అక్క లేదు.

హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళు తుడుచుకోవడం ముగ్గురూ చూశారు.

"ఏమైంది చిన్నవ్వా?" అన్నాడు సాయి. ఫోన్ ఇంకా బోర్లానే ఉంది, వాడు దాన్ని ముట్టుకోలేదు. "బతికిందా?"

"బతికింది," అన్నాను.

సాయి అఖిల్ వైపు చూశాడు. లేచి లోపలికి పోయాడు. చుట్టాల మధ్యలోంచి దారి చేసుకుని ముందు గదిలోకి వెళ్ళి, దీపం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఫోటో దగ్గరికి వంగి, చెవులు వినబడనివాళ్ళకు చెప్పినట్టు ఇల్లంతా అదిరేలా అరిచాడు.

"అవ్వా! బతికిందంట!"